సీఓపీడీ ఉన్నవాళ్లకి పౌడర్ డబ్బా: ఎవరికి, ఎంత, ఎప్పుడు

డైటీషియన్: సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అని తేలగానే ఇంట్లోవాళ్లు ముందు కొనుక్కొచ్చేది బలానికి కలుపుకుని తాగే ప్రొటీన్ పౌడర్ డబ్బానే కదా, డాక్టర్ గారూ.

డాక్టర్: కొననివ్వండి, కానీ అది ఊపిరితిత్తుల మందు కాదు, తిండి. ఈ జబ్బులో ఊపిరి తీయడమే కూలిపని, కేలరీలు దానికే ఖర్చయిపోతాయి. నమిలేటప్పుడూ ఆయాసమే, కాబట్టి తిండి తగ్గుతుంది. అలా చిక్కిపోయినవాళ్లకే డబ్బా. ఆరు నెలల్లో 5 శాతం బరువు తగ్గినా, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 21 కంటే దిగినా ఆలోచించాలి.

డైటీషియన్: లెక్క చూద్దామా? 45 కిలోల మనిషికి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే రోజుకి 54 నుంచి 67 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నం, పప్పు, మజ్జిగతో 35 వస్తోందనుకోండి. రెండు గుడ్లు 12, గ్లాసు పాలు 6, ఆ పాలల్లోనే 20 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే ఇంకో 7. డబ్బా మూత తీయకుండానే 60! కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

డాక్టర్: మూత తీసినవాళ్లయినా సరిగ్గా కలుపుతున్నారా?

డైటీషియన్: అక్కడే గొడవంతా. లేబుల్ మీద ఐదారు స్కూపులని ఉంటుంది. ఖరీదు చూసి రెండు చెంచాలేసి పెద్ద గ్లాసుడు నీళ్లు పోస్తారు. పొట్ట నిండుతుంది, కేలరీలు రావు. అదీ భోజనానికి ముందు!

డాక్టర్: అసలే గాలి లోపల చిక్కుకుని ఊపిరితిత్తులు ఉబ్బి, వాటి కింద ఊపిరి ఆడించే కండరం, డయాఫ్రం, కిందికి అణిగి ఉంటుంది. పొట్ట నిండితే అది కదలడానికి చోటేదీ?

డైటీషియన్: అందుకే లేబుల్ కొలతకే కలిపి, భోజనాల మధ్య 50, 60 ఎంఎల్ చొప్పున, నిటారుగా కూర్చుని తాగాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు తినేటప్పుడు ముక్కు ట్యూబు తీసేయకూడదు. ఇంకోటి, స్టిరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించకపోతే తెల్లపూత వచ్చి తిండి సయించదు. నెపం వంట మీదికి పోతుంది.

డాక్టర్: ఊపిరితిత్తుల కోసమే అని అమ్మే, కొవ్వు ఎక్కువుండే డబ్బాల సంగతి?

డైటీషియన్: వాటి వెనక సూత్రం నిజమే. పిండిపదార్థం ఖర్చయితే వాడిన ఆక్సిజన్ ఎంతో ఊపిరితిత్తులు బయటికి పంపాల్సిన కార్బన్ డయాక్సైడ్ అంత, కొవ్వయితే అందులో 70 శాతమే. కానీ కొవ్వు కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, ఉబ్బరం. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకి అది దండగ ఖర్చనే అంటాను. మరి మాత్రలు?

డాక్టర్: విటమిన్ డి పరీక్ష చేయించాకే. రక్తంలో మిల్లీలీటరుకి 10 నానోగ్రాముల లోపు ఉన్నవాళ్లలోనే, ఆ మాత్రలతో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. పొగ తాగేవాళ్లు బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) మాత్రలు ముట్టకూడదు. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకి 20 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. క్యారెట్ కూరకి భయం లేదు లెండి.

డైటీషియన్: వారానికోసారి, ఒకే త్రాసు మీద బరువు చూసుకోమంటాం.

డాక్టర్: పెరిగితే సంబరపడే ముందు చీలమండ దగ్గర వేలితో నొక్కండి. గుంట పడితే ఆ పెరిగింది కండ కాదు, నీరు. గుండె మీద భారం పడుతోందేమో చూడాలి. డబ్బా సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి రండి.