నాక్ అయ్యాక మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట

బీజీఎమ్‌ఐలో (పబ్జీ మొబైల్‌కి ఇండియా వెర్షన్ అయిన షూటింగ్ గేమ్) మంచి స్క్వాడ్, అంటే నలుగురి టీమ్, అంటే బాగా కాల్చే నలుగురని చాలామంది అనుకుంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గురి తప్పని నలుగురు గేమ్‌లోని పోచింకి ఊళ్లో దిగి, ఐదు నిమిషాల్లో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ లాబీకి తిరిగిరావడం ఎన్నిసార్లు చూశానో! స్క్వాడ్ ఎలాంటిదో తెలియాలంటే కిల్స్ లెక్కపెట్టకండి. ఒకడు నాక్ అయ్యాక, అంటే దెబ్బతిని కిందపడి ఎవరైనా రివైవ్ చేస్తే (లేపితే) తప్ప లేవలేని స్థితికి వచ్చాక, మైక్‌లో ఏం వినిపిస్తుందో వినండి.

మొన్న గేమ్‌లోని రోజోక్ ఊళ్లో మావాడొకడు రోడ్డు మధ్యలో నాక్ అయ్యాడు. "రేయ్, రివైవ్ చెయ్యండ్రా! ఏం చేస్తున్నార్రా?" అని ఒకటే అరుపు. ఆ అరుపుల్లో మేమున్న ఇంటి మెట్ల మీద అడుగుల చప్పుడు మాకు వినపడలేదు. ఎదుటి టీమ్ తలుపు తీసేదాకా తెలియలేదు. నలుగురం పోయాం.

చిన్నప్పుడు చెడుగుడు ఆడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టుకునేవాళ్లు చేయీ చేయీ కలిపి గొలుసు కడతారు. మూలనున్నవాడు కూతకొచ్చినవాడి చీలమండ పట్టుకోగానే పక్కవాడు మీద పడాలి. తటపటాయించాడా, వాడు గీత తాకేస్తాడు. మరి అవుటైనవాడు? గీత బయట కూర్చుంటాడు. లోపలున్నవాళ్లు పాయింటు తెస్తేనే మళ్లీ లోపలికొస్తాడు. అక్కడ కూర్చుని లోపలివాళ్లను తిడితే, ఉన్న పట్టు కూడా జారిపోతుంది.

[స్క్రీన్ మీద: రివైవ్ టైమర్]

ఇప్పుడు లెక్క చూడండి. రివైవ్‌కి 10 సెకన్లు పడుతుంది. అంతసేపూ లేపేవాడు కాల్చలేడు. లేచినవాడికి హెల్త్ కొద్దిగానే ఉంటుంది, ఫస్ట్ ఎయిడ్ కిట్‌కి ఇంకో 6 సెకన్లు. అంటే 10 సెకన్లపాటు నలుగురిలో ఇద్దరు లేనట్టే. ఆ తర్వాత 6 సెకన్లు ఒకడు లేనట్టే. చెడుగుడులో సగం గొలుసు తెగినట్టు. అందుకే ముందు కాల్చినవాణ్ణి అయినా పడగొట్టాలి, లేదా స్మోక్ (పొగ బాంబు) అయినా వెయ్యాలి. ఆ తర్వాతే రివైవ్. పరిగెత్తుకెళ్లి పక్కన కూర్చునేవాడికి ప్రేమ ఎక్కువే, కానీ వాడూ అక్కడే పడిపోతాడు.

మరి నాక్ అయినవాడి పని? పాక్కుంటూ గోడ చాటుకు వెళ్లాలి. ఒక్క వాక్యం చెప్పాలి: "240, రెండంతస్తుల ఇల్లు, పై కిటికీ, ఒక్కడే." పైనున్న దిక్సూచిలో అంకె కనబడుతూనే ఉంటుంది కదా, చదివి చెప్పడమే. "అక్కడున్నాడు, అక్కడున్నాడు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చెప్పేశాక నోరు మూసుకోవాలి, అవతల అడుగుల చప్పుడు వినాలి. లేపే వీలు లేదనిపిస్తే "నన్నొదిలెయ్, నువ్వు సేఫ్ జోన్‌లోకి పో" అనగలిగినవాడంటే నాకు నిజంగా గౌరవం. బయట కూర్చున్నా గొలుసు వదలనివాడు అతనే.

[స్క్రీన్ మీద: తెరిచిన బ్యాగు]

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. 5.56 బుల్లెట్ల గన్ పట్టుకుని, దానికి పనికిరాని 7.62 బుల్లెట్లు మోస్తుంటే, అవి వాడే ఏకేఎం గన్ ఉన్నవాడి ముందు వాటిని పడెయ్యండి, అడిగేదాకా ఆగొద్దు. నాక్ అయ్యాక కోపంతో మ్యాచ్‌లోంచి వెళ్లిపోతే మెరిట్ (మన ప్రవర్తనకి గేమ్ ఇచ్చే స్కోరు) తగ్గుతుంది సరే, మిగతా ముగ్గురి పరిస్థితి ఏంటి? ఇక ఆడపిల్ల గొంతు వినపడగానే వెకిలి మాటలు మొదలుపెట్టేవాణ్ణి వెంటనే మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టండి. "సరదాకే కదరా" అని నవ్వే ఫ్రెండ్‌కి కూడా అది తప్పని ముఖం మీదే చెప్పండి. ఆ అమ్మాయి తర్వాతి మ్యాచ్ నుంచి మైక్ ఆపేసుకుని ఆడుతుంది, అది చాలా అన్యాయం.

మైక్ అంటే గుర్తొచ్చింది. ఒకసారి మాకు నాలుగోవాడిగా ఎవరో తెలియని ప్లేయర్ కలిశాడు. మైక్ లేదు, మ్యాచ్ అంతా ఒక్క మాట లేదు. నేను నాక్ అవ్వగానే నాకూ ఎదుటి ఇంటికీ మధ్య ఒక స్మోక్ పడింది, కాసేపటికి ఇంకోటి. శత్రువున్న కిటికీ మీద మార్క్ పెట్టాడు. అప్పుడొచ్చి లేపాడు. లేచి చూసుకుంటే నా కాళ్ల దగ్గర ఒక ఫస్ట్ ఎయిడ్ కిట్, 60 బుల్లెట్లు ఉన్నాయి. తను అప్పటికే తలుపు దగ్గర గన్ పట్టుకుని నిలబడ్డాడు.