ఒప్పుకుంటే అయిపోతుందా?

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు జిల్లా కోర్టుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి, బెంచి క్లర్కుగా పదవీ విరమణ చేశాను. మేజిస్ట్రేటు గారి బల్లకు దిగువన కూర్చుని కేసు కట్టలు అందించడం, వాయిదాలు రాయడం నా పని. అక్కడ కూర్చున్నవాడికి ముద్దాయి ముఖం బాగా దగ్గరగా కనిపిస్తుంది. ఆ ముఖాల్లో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని గురించే చెబుతాను.

సముద్రపు ఒడ్డు పల్లెలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే యానాది కుర్రవాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఒక రాత్రి చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరియేటరు మోటారు పోయింది. మోటారు పోతే ముందుగా కాపలావాడినే అడుగుతారు. కాపలావాడు యానాది అయితే అడగడం కూడా ఉండదు, నేరుగా పట్టుకుపోతారు. దొంగతనం కేసు కట్టారు, రిమాండు, సబ్ జైలు. బెయిలు పిటిషన్ వేసేవారు లేరు. ఒకవేళ వేసినా, ఇంటిపన్ను రసీదు పట్టుకొచ్చి జామీను నిలబడగలిగినవారు ఆ గుడిసెల్లో ఎవరున్నారు?

యాభై రోజులు గడిచాయి. ఛార్జిషీటు వచ్చింది. అభియోగం చదివి వినిపించే రోజున కానిస్టేబుళ్ళు అతన్ని తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు. జైల్లో ఎవరో అతనికి ఒక సలహా ఇచ్చారు. "ఒప్పుకో. ఇన్నాళ్ళు లోపల ఉన్నదే శిక్ష కింద లెక్కగట్టి సాయంత్రానికి పంపేస్తారు" అని. ఆ మాట అబద్ధం కాదు. చాలాసార్లు అలాగే జరుగుతుంది. అందుకే అది అంత ప్రమాదకరమైన సలహా.

మేజిస్ట్రేటు గారు అభియోగం చదివించి, "నేరం ఒప్పుకుంటావా?" అని అడిగారు.

"ఒప్పుకుంటాను సామీ."

ఆవిడ కలం కింద పెట్టారు. "మోటారు నువ్వే తీశావా?"

"లేదు సామీ."

"మరి ఎందుకు ఒప్పుకుంటున్నావు?"

"ఇంటికి పోవాలి సామీ. మా అమ్మ ఒక్కతే ఉంది."

కోర్టు హాలంతా నిశ్శబ్దమైపోయింది. "నీకు ప్లీడరు ఉన్నారా?" అని అడిగారు ఆవిడ. లేరన్నాడు. నిజానికి అది రిమాండు రోజునే అడగవలసిన ప్రశ్న. ఆ రోజు ఆవిడ సెలవులో ఉన్నారు, మరొకరు ఇన్‌ఛార్జిగా ఉన్నారు. నేను మాత్రం అదే కుర్చీలో ఉన్నాను. నేనైనా గుర్తు చేసి ఉండవలసింది. చేయలేదు. ఆ యాభై రోజుల్లో నా వంతు కూడా ఉందని ఈనాటికీ అనుకుంటాను.

మేజిస్ట్రేటు గారు అతని జవాబు రాసుకోలేదు. మరుసటి రోజుకు వాయిదా వేసి, మండల న్యాయ సేవా కమిటీకి కబురు పంపించారు. వాళ్ళు ఒక పెద్ద వయసు ప్లీడరు గారిని పెట్టారు. ఆయన సబ్ జైలుకు వెళ్ళి కుర్రవాడి పక్కన కూర్చుని, జరిగినదంతా చెప్పించుకున్నారు. ఆస్తి చూపించే జామీను ఇతనికి సాధ్యం కాదని కోర్టుకు విన్నవించి, సొంత పూచీకత్తు మీద బయటికి తెచ్చారు. తరువాత విచారణ. మోటారు కాలువ గట్టున, కుర్రవాడు చూపించిన చోట దొరికిందని మధ్యవర్తుల రిపోర్టులో, అంటే సాక్షుల ఎదుట పోలీసులు రాసే కాగితంలో, ఉంది. ఆ రిపోర్టు మీద సంతకాలు చేసిన ఇద్దరూ చెరువు యజమాని దగ్గర పనిచేసేవారే. ప్లీడరు గారు మొదటి సాక్షిని ఒకటే అడిగారు, "సంతకం ఎక్కడ పెట్టావు?" అని. "స్టేషన్లో రాసిపెట్టి ఉన్న కాగితం మీద పెట్టానండీ" అన్నాడు అతను. రెండవ సాక్షి కూడా అదే చెప్పాడు.

ఎనిమిది నెలలకు కేసు కొట్టేశారు. తీర్పు విన్న తరువాత కూడా కుర్రవాడు బోను దిగలేదు. నా వైపు చూసి, "ఇంక నా పేరు పిలవరా సామీ?" అని అడిగాడు.

ఆ రోజు ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? సాయంత్రానికి ఇల్లు చేరేవాడు, నిజమే. కానీ శిక్ష పడినవాడిగా రికార్డులో ఉండిపోయేవాడు. ఆ చుట్టుపక్కల ఏ మోటారు పోయినా, ఏ వల పోయినా, పోలీసులు ముందుగా అతని గుడిసెకే వచ్చేవారు.

ప్లీడరును పెట్టుకోలేనివారికి ప్రభుత్వమే పెట్టించాలన్న మాట 1976లో రాజ్యాంగంలోకి వచ్చింది, 39ఎ అధికరణగా. దాని కోసం 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు. ముద్దాయి అడగకపోయినా, ఈ హక్కు ఉందని అతనికి చెప్పవలసింది మేజిస్ట్రేటేనని 1986లో సుప్రీంకోర్టు సుఖ్‌దాస్ కేసులో తేల్చింది, చెప్పకుండా నడిపిన విచారణలో పడిన శిక్షను కొట్టేసింది. 2024 జూలై 1 నుంచి నేర చట్టాలు మారాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ హక్కు మారలేదు.

ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, వీరికి ఉచిత ప్లీడరును ఇవ్వడానికి ఆదాయంతో పనిలేదు. కస్టడీలో ఉన్నవారు అన్న మాట మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే చాలామందికి తెలియదు. జైల్లో ఉంటే చాలు, ఏ కులమైనా, ఎంత ఆదాయమున్నా, ఉచితంగా ప్లీడరును అడగవచ్చు.

అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ నిలబడిన మొదటి రోజునే ఈ మాట చెప్పండి: "నాకు ప్లీడరు లేరు, పెట్టుకునే స్తోమత లేదు, కోర్టువారే పెట్టించండి." మీ ఇంట్లో చదువురాని పెద్దవారు ఉంటే వాళ్ళకూ నేర్పండి. ప్లీడరు లేరు, స్తోమత లేదు, కోర్టువారే పెట్టించండి. ప్లీడరు వచ్చి మాట్లాడేదాకా ఒప్పుకుంటాననే మాట నోటివెంట రానివ్వకండి.

బయట ఉన్న కుటుంబంవారు ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉంది. చిన్న ఊళ్ళలో అయితే కోర్టులోనే మండల కమిటీ ఉంటుంది. అర్జీ రాయడం రాకపోతే అక్కడివాళ్ళే రాసిపెడతారు, వేలిముద్ర వేస్తే చాలు. వాళ్ళు పెట్టిన ప్లీడరుకు మీరు ఫీజు ఇవ్వనక్కరలేదు. ఎవరైనా అడిగితే, ఆ విషయం అదే కార్యాలయంలో కార్యదర్శి గారికి చెప్పండి.

నమస్కారం.