గద్దలు, కుందేలు, ఒక వెండి నాణెం

శ్రోతలకు నమస్కారం.

మీ అరచేతిలో ఒక వెండి బిళ్ళ ఉందనుకోండి. బరువు సుమారు 43 గ్రాములు, మన లెక్కలో దాదాపు నాలుగు తులాలు. ఒకవైపు రెండు గద్దలు, వాటి కాళ్ళ కింద చచ్చిన కుందేలు. ఒక గద్ద తలెత్తి అరుస్తుంటే రెండోది వేట మీదికి వంగి ఉంటుంది. తిప్పి చూస్తే రథం మీద సూర్యదేవుడు హీలియోస్. మన సూర్యుడికి ఏడు గుర్రాలు కదా, గ్రీకులు నాలుగుతో సరిపెట్టారు! రథం కింద ఒక ఎండ్రకాయ. అది అక్రగాస్ నగరం గుర్తు.

ఇటలీకి చెందిన సిసిలీ దీవి దక్షిణ తీరాన ఉన్న ఆ గ్రీకు నగరమే ఇప్పటి అగ్రిజెంటో. క్రీ.పూ. 406లో ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సైన్యం నెలల తరబడి ముట్టడించి దాన్ని దోచుకుంది. ఈ పది డ్రాక్మాల (డ్రాక్మా అంటే గ్రీకుల వెండి నాణెం) నాణేలు అంతకు కొన్నేళ్ళ ముందు కొట్టినవి. నేటికి మిగిలినవి బహు కొద్ది.

అలాంటిదొకటి 2012 జనవరిలో న్యూయార్క్‌లో అమ్మకానికి వచ్చింది. వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో పెద్ద నాణేల ప్రదర్శన జరుగుతోంది. అమ్మబోయినాయన ఆ రంగంలో తలపండినవాడే. ఇది ఈమధ్యే తవ్వి తీసిన తాజా సరుకని బేరానికొచ్చిన మనిషితో చెప్పాడు. ఆ మనిషి ప్రాసిక్యూటర్ల తరఫున వచ్చినవాడు! ఇటలీలో 1909 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన పాత వస్తువు ప్రభుత్వానిది. అంటే దొంగచాటుగా తవ్వి తెచ్చింది దొంగసొత్తే. అక్కడికక్కడే అరెస్టు.

అసలు తమాషా ఆ తర్వాత. నాణేన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, నకిలీ! దొంగసొత్తు అనుకుని అమ్మబోయాడు, అది సొత్తే కాదు. అయినా కేసు నిలబడింది, దొంగసొత్తు దగ్గర పెట్టుకోవడానికి ప్రయత్నించినందుకు.

అంత అనుభవజ్ఞుడు ఎలా బోల్తా పడ్డాడు? నాకు తోచింది ఒకటే. దొంగచాటుగా తవ్వి తెచ్చిన నాణెం ఎవరి దగ్గర్నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితం ఉండదు. నిన్న తయారైన నకిలీకీ ఉండదు. కాగితం అడగని అలవాటున్నవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆయన నేరం ఒప్పుకున్నాడు. 70 గంటల సమాజసేవ, జరిమానా పడ్డాయి. వాటితో పాటు ఇంకో పని కూడా: పుట్టుపూర్వోత్తరాలు తెలియని నాణేలు కొంటే వచ్చే ముప్పు గురించి నాణేల పత్రికకు ఒక వ్యాసం రాయాలి.