కాలిఫోర్నియా పార్కుల్లో గొలుసుల చప్పుడు

(కార్తీక వనభోజనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి తెచ్చిన అక్కచెల్లెళ్లకు, నెలల ముందే ఈ బల్లలకు రుసుము కట్టి చోటు సంపాదించిన కార్యవర్గానికి, ఉసిరి చెట్టు దొరకని దేశంలో కుండీలో ఉసిరి మొక్క పెంచి ఇవాళ కారులో ఎక్కించుకొచ్చిన దంపతులకు ధన్యవాదాలు. ఊళ్లనుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఆ వెనక కుర్చీల్లో కూర్చున్న అమ్మలకు, నాన్నలకు, అత్తయ్యలకు, మామయ్యలకు ప్రత్యేకంగా నమస్కారం. నాకు పని మీతోనే.

నన్ను ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నడవమని డాక్టర్లు మీకు చెబుతూనే ఉన్నారు. అదే మాట నేనూ చెప్పడానికి ఈ మైకు అక్కర్లేదు. ఎక్కడ నడవాలో చెబుతాను. మనం ఉంటున్న ఈ కాలిఫోర్నియాలో నాకు ఇష్టమైన డిస్క్ గోల్ఫ్ మైదానాల గురించి చెబుతాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. గోల్ఫులో బంతి, కర్ర, గుంట ఉంటాయి. ఇక్కడ బంతి బదులు ప్లాస్టిక్ డిస్కు, కర్ర బదులు మన చెయ్యి, గుంట బదులు ఇనుప స్తంభానికి బిగించిన బుట్ట. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్కు వచ్చి గొలుసులకు తగిలి బుట్టలో పడితే ఆ అంకం పూర్తయినట్టు. ఎన్ని విసుర్లలో పడిందో లెక్క రాసుకుని తరువాతి బుట్టకు నడుస్తాం. మామూలు మైదానంలో పద్దెనిమిది బుట్టలుంటాయి. ప్రవేశ రుసుము చాలా చోట్ల లేదు. పది ఇరవై డాలర్లు పెట్టి ఒక డిస్కు కొనుక్కుంటే ఏళ్ల తరబడి ఆడవచ్చు. కొత్తవాళ్లు బరువైనవి తీసుకోకండి, 150 గ్రాముల దాపున ఉన్నది చాలు.

శాన్ హోసేలో ఉన్నవాళ్లకు అన్నిటికంటే దగ్గర హెల్యర్ పార్కు. 101 రోడ్డు మీద రోజూ ఆఫీసుకు వెళ్తూ దాని పక్కనుంచే పోతారు. కయోటీ వాగు ఒడ్డున ఉంటుంది. సైకిలు పందేల వెలోడ్రోమ్ ఉన్న పార్కే అది. పెద్దవాళ్లను మొదటిసారి తీసుకెళ్లడానికి అనువైన చోటు. కారు నిలపడానికి మాత్రం రుసుము ఉంటుంది. బర్కిలీలో ఆక్వాటిక్ పార్కు ఉంది, పక్కనే నీటి మడుగు, సముద్రం మీంచి గాలి. అక్కడికి మీకు బాగా ఇష్టమైన డిస్కు తీసుకెళ్లకండి. నీళ్లలో పడితే తిరిగి రాదు.

అసలు ఈ ఆట ఈ రాష్ట్రంలోనే పుట్టింది. ఇది మన పిల్లలకు చెప్పాలి. 1930ల చివర్లో శాంటా మోనికా ఒడ్డున వాల్టర్ మారిసన్ అనే కుర్రవాడు కేకులు చేసే రేకు పళ్లెం విసురుకుంటూ ఆడుతుంటే, ఎవరో ఆ పళ్లేనికి పావు డాలరు ఇస్తానన్నారట. దుకాణంలో దాని ధర ఐదు సెంట్లు. ఆయన ఆ వ్యాపారమే పట్టుకుని, తరువాత ప్లాస్టిక్ డిస్కు తయారుచేశాడు. 1957లో వామ్-ఓ అనే ఆటబొమ్మల కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ డిస్కు పైభాగాన వలయాలు తీర్చి, అది గాలిలో నిలకడగా సాగేట్టు చేశాడు. 1975లో పసడీనా పక్కన ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం పెట్టించింది కూడా ఆయనే. మొదట్లో అక్కడ బుట్టలు లేవు, స్తంభాలకు గురిపెట్టి కొట్టేవాళ్లు. తగిలిందా లేదా అని తగవులు వచ్చేవి. ఆ తగవు తీర్చడానికే గొలుసులు, బుట్ట. దానికి 1977లో పేటెంటు వచ్చింది. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి మైదానంలోనూ మీకు కనిపించే బుట్ట ఆ నమూనాలోదే. 2002లో ఆయన చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు.

ఆ ఓక్ గ్రోవ్ ఇప్పటికీ ఉంది. పార్కు పేరు హహమోంగ్న అని మార్చారు. దానికి ఆనుకునే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఉంది, అంగారకుడి మీదికి రోవర్లను పంపిన సంస్థ. మీ పిల్లలు ఆ లాబొరేటరీ చూస్తామంటారు, చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు ఓక్ చెట్ల కింద ఒక గంట డిస్కు విసరనివ్వండి. ఎగిరే వస్తువు ఎందుకు ఎగురుతుందో అక్కడ చేతికి తెలుస్తుంది. కుడిచేత్తో, చెయ్యి ఎడమకు మడిచి విసిరిన డిస్కు వేగం తగ్గగానే ఎడమకు ఒరుగుతుంది. ఎందుకని మా అబ్బాయి అడిగిన రోజున మేము కాగితం, పెన్సిలు పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నాం. కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టినా అంత భౌతికశాస్త్రం రాదు.

ఇక డెలవియాగా. శాంటా క్రూజ్‌లో ఉంది, శాన్ హోసే నుంచి 17వ నంబరు కొండదారిలో గంటలోపు ప్రయాణం. 1984లో పెట్టిన మైదానం. డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు దూరదేశాల నుంచి వచ్చి మరీ ఆడి వెళ్తారు. కొండలు, లోయలు, ఓక్ చెట్లు. బుట్టలు వాలు మీద ఉంటాయి, కాస్త బలంగా వేస్తే డిస్కు నిలువుగా లేచి చక్రమై కిందికి దొర్లిపోతుంది. చెట్ల కింద పాయిజన్ ఓక్ ఉంటుంది. మూడేసి ఆకులు, మెరుస్తూ ఉంటాయి. మన దూలగొండి లాంటిదే, కాకపోతే దురద రోజుల తరబడి వదలదు. పొడుగు ప్యాంటు వేసుకుని వెళ్లండి.

ఆ మైదానంలో 27వ బుట్టకు ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ అని పేరు. కొండ నెత్తిన నిలబడి కిందికి విసరాలి. 500 అడుగుల పైచిలుకు దూరం. చెట్ల తలల మీదుగా మాంటెరే అఖాతం కనిపిస్తుంది. దాని గురించి చెప్పాలంటే మా మామగారి గురించి చెప్పాలి. పది నిమిషాలు దాటితే క్షమించండి.

మా మామగారిది ఒంగోలు దగ్గర పల్లె. జీవితమంతా వ్యవసాయం. అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చారు. మేమిద్దరం పొద్దున్నే ఉద్యోగాలకు, పిల్లవాడు బడికి. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. ఫోనులో పేపరు చదవడం అయిపోయేది, ఊళ్లో తమ్ముడితో మాట్లాడటం అయిపోయేది, టీ అయిపోయేది, అప్పటికి ఇంకా పదిన్నర. "బాగానే ఉందమ్మా, నాకేం లోటు" అనేవారు. ఆ మాట మీలో ఎందరో మీ పిల్లలతో అంటున్నారని నాకు తెలుసు. ఆ వెనక కుర్చీల్లోవాళ్లు నవ్వుతున్నారు, చూడండి.

ఒక శనివారం మా అబ్బాయి "తాతయ్యా, నువ్వూ రా" అని హెల్యర్‌కు లాక్కెళ్లాడు. చేతికి డిస్కు ఇస్తే దాన్ని తిప్పి అంచు తడిమి చూశారు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, నడుము మొత్తం తిప్పి విసిరారు. చిన్నప్పుడు జొన్నచేను కావలికి మంచె ఎక్కి వడిసెల తిప్పిన మనిషి ఆయన. తాడు మడతలో మట్టి ఉండ పెట్టి, తల చుట్టూ తిప్పి, సరైన క్షణాన ఒక కొస వదలాలి. ఒక్క రవ్వ ముందైనా వెనకైనా ఉండ ఎటో పోతుంది. డిస్కుకూ అంతే. బలం చేతిలో ఉండదు, ముందు నడుము తిరగాలి, తరువాత భుజం, తరువాత మోచెయ్యి, చివర మణికట్టు. ఈ క్రమం నేర్పడానికి ఇక్కడ శిక్షకులు డబ్బు తీసుకుంటారు. డెబ్బయ్యేళ్లు దాటిన మా మామగారి ఒంట్లో అది అప్పటికే ఉంది.

డెలవియాగా తీసుకెళ్లిన రోజు 27వ బుట్ట దగ్గర మా ముందు కాలేజీ పిల్లలు ఆడుతున్నారు. డిస్కులు ఎత్తుగా వేసి, అన్నీ కుడిపక్క చెట్లలో పోగొట్టుకుంటున్నారు. మామగారు అంతా చూసి, వంగి గుప్పెడు ఎండుగడ్డి తుంపి, మొహం ఎత్తున పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలారు. కళ్లంలో తూర్పారబట్టే ముందు గాలి చూసే పద్ధతి. గడ్డి కుడికి పోయింది. "గాలి చూసుకోవాలమ్మా, చేతిదేముంది" అన్నారు. ఎడమ పక్కకు, కిందుగా విసిరారు. డిస్కు సముద్రం వైపు సాగి సాగి, గాలికి కుడికి జరిగి, మళ్లీ తనంతట తాను ఎడమకు తిరిగి దిగింది. ఆ కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకడు వచ్చి, ఆ గడ్డి ఏమిటి, ఎందుకు వదిలారు అని అడిగాడు. నేను అనువదిస్తుంటే ఆయన ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని గడ్డి ఎంత ఎత్తున వదలాలో చూపించారు.

కింద బుట్టలో డిస్కు పడ్డాక, ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి గొలుసులను చేత్తో కదిపి ఆ చప్పుడు ఇంకోసారి విన్నారు. ఆ తరువాత ఆయన వీసా గడువు తీరేదాకా మా ఇంట్లో శనివారం అంటే డిస్కులే. ఊరికి వెళ్తూ రెండు పెట్టెలో పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ వేపచెట్టుకు పాత సైకిలు టైరు వేలాడదీసి వీధి పిల్లలతో వేయిస్తున్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గోల్డెన్ గేట్ పార్కు గురించి, టాహో సరస్సు గురించి గబగబా చెప్పేస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కు లోపలే పద్దెనిమిది బుట్టలున్నాయి. పొగమంచు, పొడుగాటి చెట్లు, శనాదివారాల్లో విపరీతమైన జనం. మామూలు రోజుల్లో వెళ్లండి, పదవీవిరమణ చేసినవాళ్లకు ఆ వీలుంది. టాహో దగ్గర బిజూ పార్కుది 6,000 అడుగులకు పైబడిన ఎత్తు. గాలి పలచన, డిస్కు త్వరగా ఎడమకు పడిపోతుంది. ఇక్కడ అలవాటైన గురి అక్కడ పనికిరాదు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న పార్కు ఉండేది, తొమ్మిది బుట్టలు. పేరు చెప్పను. మామగారు నడిచి వెళ్లిరాగల దూరం. బుట్టలు తీసేయాలని ప్రతిపాదన వచ్చింది. చెట్ల బెరడు దెబ్బతింటోంది, నేల గట్టిపడి వేళ్లకు నీరు అందడం లేదు, నడిచేవాళ్లకు డిస్కులు తగులుతాయి అన్నారు. ఇవి ఊరికే అన్న మాటలు కావు. డిస్కు దెబ్బకు బెరడు నిజంగానే లేస్తుంది. దానికి ఉపాయాలు కూడా ఉన్నాయి. చెట్ల మొదళ్లకు కంచె కట్టాలి, కింద చెక్క పేడులు పరవాలి, బుట్టల చోట్లు అప్పుడప్పుడు మార్చి నేలకు విశ్రాంతి ఇవ్వాలి. పెద్ద మైదానాల్లో ఆటగాళ్లే సెలవు రోజు పారలు పట్టుకుని ఈ పని చేస్తారు. విచారణ సభలో నేను ఇవన్నీ చెప్పాను. గదిలో మావైపు గుప్పెడుమందే ఉన్నారు. మన తెలుగువాళ్లలో నేనొక్కదాన్నే.

ఆ పార్కు చుట్టూ సాయంత్రం నడిస్తే కిటికీ కిటికీకి పోపు వాసన వస్తుంది. అంతమంది ఉన్నాం. ఇళ్ల పన్ను కడుతున్నాం, పార్కులు నడవడానికి ఆ పన్నూ తోడవుతుంది. గుడి కట్టాలంటే వందలమంది కదులుతాం, సినిమా విడుదలైతే తెల్లవారుజామున థియేటరు నింపుతాం. పార్కు గురించి మాట్లాడమంటే నేను తప్ప ఇంకొక్కరు రాలేదు. బుట్టలు తీసేశారు. కాంక్రీటులో దిగిన గొట్టాలకు మూతలు వేసి వదిలేశారు. అటుగా నడిచినప్పుడల్లా కాలికి తగులుతాయి. ఇది ఆట గురించి మాత్రమే కాదు. రేపు బెంచీ తీసేసినా, మరుగుదొడ్డి మూసేసినా ఇదే జరుగుతుంది. వాటిని వాడుకునేది ఎక్కువగా మన ఇళ్లలోని పెద్దవాళ్లే.

అందుకని అడుగుతున్నాను. మీ ఊరి పార్కుల కమిటీ సమావేశం ఎప్పుడు జరుగుతుందో నగరపాలక సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది. ఒక్కసారి వెళ్లండి. ప్రజలు మాట్లాడటానికి సమయం ఇస్తారు, కొద్ది నిమిషాలే. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కూడా రావచ్చు, పక్కన నేను నిలబడి చెబుతాను. మీ అమ్మగారు లేచి, ఈ పార్కుకు నేను రోజూ వస్తాను అని తెలుగులో ఒక్క వాక్యం చెప్పినా ఆ సభ్యులు తలెత్తి వింటారు.

ఆ వాలీబాల్ వల అవతల పసుపుపచ్చ బుట్ట ఒకటి కనిపిస్తోంది కదా, అది మా కారులో తెచ్చాను. డిస్కులు సంచీ నిండా ఉన్నాయి. భోజనాలు కాగానే అక్కడికి రండి. పిల్లలూ, మీరు బుట్ట వెనక నిలబడకండి, ఎవరైనా ‘ఫోర్’ అని అరిస్తే తల వంచి చేతులు అడ్డం పెట్టుకోండి. ముందు తాతయ్యలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు వేస్తారు. చీర కట్టుకుని ఎలా వేయడం అని అడిగిన అమ్మగారికి, ఎలాగో నేను చీరలోనే చూపిస్తాను. నమస్కారం.