ఆడ తాబేలుకి నచ్చే నేల: జూలో భారీ తాబేళ్ల పిల్లల్ని సాధించడం ఎలా

నమస్కారం. ఈ వీడియో జూలలో కీపర్లుగా పనిచేసేవాళ్లకి, వెటర్నరీ చదువుతున్నవాళ్లకి. ఇంట్లో పెంచుకుందామని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోండి. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. గాలాపాగోస్ తాబేలు దాని మొదటి అనుబంధంలో ఉంది, దేశాల మధ్య దాన్ని వ్యాపారానికి కొనడం అమ్మడం కుదరదు.

భారీ తాబేళ్లలో ఇప్పుడు మిగిలినవి రెండు వర్గాలు. ఒకటి హిందూ మహాసముద్రంలో అల్డాబ్రా దీవులవి, రెండోది పసిఫిక్‌లో గాలాపాగోస్ దీవులవి. ఈ రెండోది మనకి కొత్తదేం కాదు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 2024 మార్చిలో చనిపోయిన ముసలి తాబేలు గాలాపాగోస్‌దే. వయసు 125 ఏళ్లని జూ లెక్క. 1963లో దాన్ని బాగేఆం నుంచి, అదే పబ్లిక్ గార్డెన్స్ నుంచి, జూకి తెచ్చారు. అంటే మన ఎండల్లో, మన వానల్లో ఇవి నిక్షేపంగా బతుకుతాయి. పిల్లలు కావాలంటేనే అసలు పని మొదలవుతుంది.

ఎంత ఓపిక కావాలో అమెరికాలోని ఫిలడెల్ఫియా జూని చూస్తే తెలుస్తుంది. అక్కడ మామీ అనే ఆడ తాబేలు 1932 నుంచి ఉంది. అది తల్లి అయింది 2025లో. 2024 నవంబరులో పెట్టిన 16 గుడ్లలో, ఆ ఫిబ్రవరి 27న మొదలుపెట్టి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కో పిల్ల 70 నుంచి 80 గ్రాములు. ఆ జూ చరిత్రలో ఈ తాబేలు పిల్లలు పుట్టడం అదే మొదలు.

పిల్లలు రాకపోతే అందరూ మగదాన్ని అనుమానిస్తారు. మీరు ముందు ఆడదాని కాళ్ల కింద నేల చూడండి.

ఆడది వెనక కాళ్లతోనే గొయ్యి తీస్తుంది. ఒక కాలు మట్టి ఎత్తి పక్కన పోస్తుంది, తర్వాత రెండో కాలు. గంటల తరబడి అదే పని. దాదాపు 30 సెంటీమీటర్ల లోతు పోవాలి. మధ్యలో రాయి తగిలినా, వేరు తగిలినా, మట్టి పొడిపొడిగా జారి గొయ్యి పూడిపోయినా వదిలేసి ఇంకో చోటికి పోతుంది. అలా నాలుగైదు చోట్ల విసిగిపోయిందంటే గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది, లేదా గట్టి నేల మీద ఎక్కడపడితే అక్కడ వదిలేస్తుంది. పడ్డ గుడ్డు పగులుతుంది, పగలకపోతే పక్కవి తొక్కుతాయి. ఆపుకున్న గుడ్లు ఇంకా ప్రమాదం.

కాబట్టి ఎండ బాగా తగిలే మూల ఒకటి చూసుకుని, నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున 60 సెంటీమీటర్ల లోతు మట్టి నింపండి. చుట్టుపక్కల నేలకన్నా కాస్త ఎత్తుగా ఉంటే వాన నీళ్లు నిలవవు. రెండు వంతులు ఇసుక, ఒక వంతు జల్లించిన ఎర్రమట్టి. నల్లరేగడి మాత్రం వద్దు. తడిస్తే కాళ్లకి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. గుడ్లు పెట్టే రోజుల్లో సాయంత్రం పూట నీళ్లు పెట్టండి. పైపైన చల్లితే లాభం లేదు, అడుగు లోతు వరకు దిగాలి. పరీక్ష తేలిక: లోపలి మట్టి గుప్పెడు తీసి పిసకండి. ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. తవ్వేటప్పుడు ఆడది మూత్రం పోసి మట్టిని మెత్తబరుచుకుంటుంది. బండనేలని మాత్రం ఆ తడి ఏం చేయలేదు.

ఇప్పుడు జత సంగతి. కాంక్రీటు మీద జత కట్టనివ్వకండి. మగదాని కింది డిప్ప, జననాంగం గాయపడతాయి, ఆడదాని డిప్ప వెనక అంచు అరుగుతుంది. మెత్తటి నేల కావాలి. రెండూ ఏడాది పొడుగునా ఒకే చోట ఉంటే మగదానికి ఆసక్తి పోతుంది. కొన్ని నెలలు విడిగా ఉంచి కలపండి. కంచె అవతల ఇంకో మగది కనిపిస్తే మెడలు చాచి పోటీ పడతాయి, ఇది కూడా పనికొస్తుంది. జత కట్టేటప్పుడు మగది వేసే మూలుగు దూరానికి వినపడుతుంది. దాన్ని విని తండ్రి ఎవరో పుస్తకంలో రాసేసుకోకండి. గాలాపాగోస్‌లోని ఎస్పనోలా దీవి తాబేళ్లు ఒకప్పుడు 15 మాత్రమే మిగిలాయి, వాటిలో మగవి మూడు. వాటిలో శాన్ డియేగో జూ నుంచి తిరిగొచ్చిన డియేగోకి ప్రపంచమంతా పేరొచ్చింది. డి.ఎన్.ఏ. చూస్తే దాదాపు 60 శాతం పిల్లలు ఎవరూ పట్టించుకోని ఇంకో మగదానివి, డియేగోవి 40 శాతం.

ఆడదాని కడుపులో ఏముందో తెలియాలంటే అల్ట్రాసౌండ్. వంద కిలోల పైబడిన జంతువుని తిరగేయాల్సిన పనే లేదు. గాలాపాగోస్‌లో ఫించ్ పిట్టలు వీటి ఒంటి మీద పిడుదుల్ని ఏరుకు తింటాయి. పిట్ట రాగానే తాబేలు కాళ్లు నిటారుగా చాచి, మెడ పైకెత్తి బొమ్మలా నిలబడిపోతుంది. మీరు మెడ దగ్గరా, వెనక కాలి మూల దగ్గరా చేత్తో రుద్దినా అంతే. అలా నిలబడగానే వెనక కాలి ముందున్న మెత్తటి చర్మం మీద ప్రోబ్, అంటే స్కానింగ్ మిషను చేతి ముక్క, పెట్టండి. రక్తం తీయడానికీ, కాళ్లు చూడడానికీ ఇదే పద్ధతి. రోజూ రెండు నిమిషాలు అలవాటు చేస్తే చాలు. తాడు కట్టి లాగే పని ఉండదు.

తిండి మాట క్లుప్తంగా చెప్తాను. గడ్డి, ఎండుగడ్డి, మళ్లీ గడ్డి. గరిక, మందార ఆకు మంచివి. నాగజెముడు ముళ్లు కాల్చి పెట్టండి, గాలాపాగోస్‌లో వీటి సొంత తిండి అదే. పాలకూర రోజూ పెట్టకండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. అరటిపండ్లు, పుచ్చకాయ, పశువుల దాణా పెట్టి లావెక్కించిన ఆడది సరిగ్గా గుడ్లు పెట్టదు. సందర్శకులు విసిరే పండ్లు కూడా లెక్కలోకే వస్తాయి.

ఇక గుడ్లు. ఆడది కంచె వెంట తిరుగుతూ, ముక్కు నేలకానించి వాసన చూస్తూ, తిండి మీద ధ్యాస తగ్గిందంటే ఆ రోజుల్లో సాయంత్రం కాపలా ఉండాల్సిందే. గుడ్లు పెట్టాక మట్టి కప్పి, డిప్పతో ఒత్తి చదును చేస్తుంది. తెల్లారేసరికి ఎక్కడ తవ్విందో కనిపెట్టడం మీ వల్ల కాదు. పెడుతుండగానే నాలుగు పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి.

అది లేచి వెళ్లాక అదే రోజు తీయండి. గడ్డపార వద్దు, చేతులూ చెంచా చాలు. ప్రతి గుడ్డుకీ పైభాగాన మెత్తటి పెన్సిల్‌తో గుర్తు గీయండి. మార్కర్ పెన్ను వద్దు. ఆ గుర్తు చివరిదాకా పైకే ఉండాలి. పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది, తర్వాత తిప్పితే చచ్చిపోతుంది. కోడిగుడ్లు తిప్పే అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు.

డబ్బాలో వర్మిక్యులైట్ (తేమని పట్టి ఉంచే ఖనిజపు పలుకులు), దాని బరువుకి సమానంగా నీళ్లు. గుడ్లు సగం లోపలికి, ఒకదానికొకటి తగలకుండా. మొదటి రోజే డబ్బా మొత్తం తూచి రాసుకోండి. వారం వారం తగ్గిన బరువెంతో అన్ని నీళ్లు, గోరువెచ్చగా, పక్కన పోయండి, గుడ్ల మీద కాదు.

పిల్ల మగదో ఆడదో తేల్చేది గుడ్డుకి తగిలే వేడే. ఆ ఉష్ణోగ్రత దగ్గర తేడా చాలా సన్నం. గాలాపాగోస్ శాంతా క్రూజ్ దీవిలోని పెంపక కేంద్రంలో మగవాటికి 28 డిగ్రీలు, ఆడవాటికి 29.5 డిగ్రీలు పెడతారు. మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీ. మీ థర్మామీటరు అర డిగ్రీ తప్పు చూపిస్తే లెక్కంతా తారుమారు. రెండు థర్మామీటర్లు పెట్టండి, రెంటినీ గుడ్ల ఎత్తులోనే. పై అరకీ కింది అరకీ ఒక డిగ్రీ తేడా రావడం మామూలే. ఇంకో సంగతి, మన దగ్గర మరీ ముఖ్యం: మామూలు ఇంక్యుబేటరు వేడి చేయగలదు, చల్లబరచలేదు. మే నెలలో గది 36 డిగ్రీలుంటే పెట్టె లోపలా అంతే. గదికి ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టరు. ఇవి లేకుండా మొదలుపెట్టకండి. పెట్టె కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండి. పెంకు చిట్లిన గుడ్డు మీదకి చీమలు ఎంత త్వరగా చేరతాయో చూస్తే తప్ప నమ్మలేరు.

నాలుగు నెలలు అటూ ఇటూగా పెంకు చిట్లుతుంది. పిల్ల పూర్తిగా బయటికి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. మీరు ఒలవకండి. లోపల అది పచ్చసొన సంచిని పీల్చుకుంటోంది. తొందరపడి లాగితే ఆ సంచి చిరిగి ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. బయటికొచ్చాక తడి టిష్యూ కాగితం పరిచిన చీకటి డబ్బాలో, అదే వెచ్చదనంలో, బొడ్డు మూసుకునేదాకా ఉంచండి. అన్నాళ్లూ తిండి పెట్టకపోయినా ఏం కాదు.

తర్వాత సన్నగా తరిగిన గడ్డీ ఆకులూ, కాల్షియం పొడి, పొద్దుటి ఎండ. దవడ మునగని లోతులో గోరువెచ్చని నీళ్లలో రోజూ పదిహేను నిమిషాలు. దాక్కునే గూడులో తేమ ఉండాలి. పొడి గాలి, బలమైన తిండి, వేగంగా పెరుగుదల, ఈ మూడూ కలిస్తే డిప్ప పలకలు గోపురాల్లా లేస్తాయి, ఆ వంకర మళ్లీ దిగదు. అందుకే వారం వారం తూచండి. కాగితం మీద బరువు గీత నెమ్మదిగా లేస్తుంటే అదే మంచి గీత.

పిల్లల దొడ్డికి పైన కూడా వల కట్టండి. కాకులు, ముంగిసలు, పందికొక్కులు దేన్నీ వదలవు. శాంతా క్రూజ్‌లో నాలుగైదేళ్లు కేంద్రంలోనే పెంచాక గానీ అడవికి పంపరు, అక్కడ ఎలుకల భయం. జూలో ఎలుకలు లేకపోయినా పిల్లల్ని పెద్దవాటి ఎన్‌క్లోజర్‌లో వదలకండి. రెండొందల కిలోల తాబేలు తన కాలి కింద ఏముందో చూసుకోదు.