డబ్బీ పారేయాల్సింది రాత్రిపూట

అమ్మలకు, అక్కలకు, అన్నదమ్ములకు నమస్కారం.

పర్లాకిమిడిలో పొగాకు మీద మీటింగ్ అనగానే చుట్టలు కాల్చే తాతలే గుర్తొస్తారు. ఇటు శ్రీకాకుళం తీరాన, అటు గంజాంలోనూ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలున్నారు. అంగిట్లో కాన్సర్ తెచ్చే అలవాటది. ఇవాళ మాత్రం గుడాకు సంగతి మాట్లాడతాను. దాన్ని చాలామంది అలవాట్ల లెక్కలోనే వేయరు. "నాకేం లేదండీ, పొద్దున్న కాస్త గుడాకుతో పళ్లు తోముకుంటాను, అంతే" అంటారు.

గుడాకు అంటే పొగాకు, బెల్లంపాకం కలిపి నూరిన ముద్ద. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా డబ్బీ మన వీధి కొట్లో దొరుకుతూనే ఉంది. చిగుళ్లకు రాస్తే అందులోని నికోటిన్ పలుచని పొరలోంచి రక్తంలోకి దిగుతుంది. సుమారు 2 గంటలకోసారి దాని మోతాదు సగమైపోతుంది. అంటే తెల్లారేసరికి ఒంట్లో మిగిలేది చాలా తక్కువ. అందుకే లేవగానే తలదిమ్ము, చిరాకు. కాస్త రాయగానే హాయి. ఆ దిమ్ము పెట్టిందీ గుడాకే, తీసిందీ గుడాకే! "అది లేకపోతే కడుపు కదలదు" అనే మాట అబద్ధమేమీ కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. మానిన కొత్తలో మలబద్ధకం రావచ్చు, నీళ్లు, ఆకుకూరలు ఎక్కువ తీసుకుంటే మెల్లగా సర్దుకుంటుంది.

"మనసు గట్టిగా ఉంటే చాలు" అనే పెద్దలతో నాకు పేచీ ఉంది. ఒళ్లు నికోటిన్ కోసం అల్లాడే వేళ, ఎదురుగా గూట్లో డబ్బీ ఉంచుకుని మనసుకు పరీక్ష పెట్టడం అన్యాయం. రాత్రి భోజనాలయ్యాక, ఆ టెన్షన్ లేనప్పుడు నిర్ణయం తీసుకోండి. అప్పుడే డబ్బీ పారేయండి. దాచొద్దు, మనం దాచింది మనకే దొరుకుతుంది. ఆ గూట్లో బ్రష్షో వేపపుల్లో పెట్టండి. కొట్టుకెళ్లి తెచ్చే పిల్లలకు ఇక తేవద్దని చెప్పండి. 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. వాళ్లచేత తెప్పించే మనల్ని తిట్టడానికి వేరే మీటింగ్ పెట్టాలి!

మొదటి రెండు మూడు రోజులే బాగా కష్టం. చేయి గూటివైపు లాగినా, కొన్ని నిమిషాలు వేరే పనిలో పడితే ఆ ఆత్రం తగ్గుతుంది. ఒంటి బాధకంటే అరుగు మీది మర్యాద పెద్ద చిక్కు. మధ్యాహ్నం వంటయ్యాక పక్కింటి వదిన డబ్బీ చాపి "ఒక్కసారి రాసుకోవే" అంటుంది. వద్దంటే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. అందుకే ఒంటరిగా మానకండి, ముందు ఆ వదినకే చెప్పండి. వీలైతే ఇద్దరూ ఒకే రాత్రి పారేయండి. మళ్లీ ఒకరోజు రాసుకున్నా, ఆ డబ్బీ కూడా ఆ రాత్రే బయటకు పోవాలి.

సలహాకు 1800 11 2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. రెండు వారాలు దాటినా మానని పుండు, నోట్లో తెల్లమచ్చ, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకోవడం, వీటిలో ఏది ఉన్నా అలవాటు మానేదాకా ఆగకుండా పళ్ల డాక్టరుకు చూపించండి. తిడతారేమోనని వెళ్లనివాళ్లు మీ ఇంట్లో ఉంటే తోడు వెళ్లండి.