ఫోటోకు పేరు ఎక్కడ రాస్తున్నాం?

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు స్టూడియో నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి లెన్సులు, లైట్ల మీద చాలా విన్నారు. భోజనాల ముందు నాకిచ్చిన అంశం మెటాడేటా, అంటే ఫోటో ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అని ఫైలుతో పాటు ఉండే సమాచారం. ఆవలింతలొస్తే నేనేమీ అనుకోను.

మీరు ఫోటోలు సర్దుకుని దిద్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒక పెళ్లి ఫోటోలన్నిటికీ స్టార్లు ఇచ్చారు, 'తలంబ్రాలు', 'అప్పగింతలు' అని కీవర్డులు పెట్టారు. అవి ఫోటోలో ఉన్నాయనుకుంటారు. ఉండవు. లైట్‌రూమ్ వాటిని క్యాటలాగ్ అనే తన సొంత చిట్టాలో దాచుకుంటుంది. ఆ ఫోల్డర్ ఆల్బమ్ డిజైనర్‌కి పంపితే ఫోటోలు చూసుకోవడానికి ఆయన వాడే బ్రిడ్జ్ ప్రోగ్రామ్‌లో ఒక్క స్టారూ కనబడదు. ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్-ఎస్ కొట్టాలి. లేదంటే క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో, మార్పుల్ని ఎక్స్‌ఎంపీ అనే మెటాడేటా చోటులోకి ఎప్పటికప్పుడు రాసే టిక్కు పెట్టుకోవాలి. అప్పుడు జేపెగ్‌కి ఫైలు లోపలే, కెమెరా ఇచ్చే ముడి ఫైలుకి, అంటే రా ఫైలుకి, పక్కన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో రాస్తుంది. ఆ చిన్న ఫైలును చెత్త అనుకుని డిలీట్ చేసే కుర్రాడు ప్రతి స్టూడియోలో ఒకడుంటాడు, వాడికి ముందే చెప్పి ఉంచండి. ఆ ఫైలు పేరులోనూ పేచీ ఉంది. లైట్‌రూమ్ రా ఫైలు ఎక్స్‌టెన్షన్ తీసేసి పేరు పెడుతుంది, డార్క్‌టేబుల్ అనే ఇంకో ఎడిటింగ్ ప్రోగ్రామ్ దాన్ని ఉంచి పెడుతుంది. దాంతో ఒకే ఫోటోకి రెండు ఫైళ్లు, రెండు రకాల సమాచారం.

అసలు గందరగోళం ఎక్కడిదంటే, ఫోటోలో సమాచారం రాసే చోట్లు మూడు. 1990ల మొదట్లో వార్తాసంస్థల కోసం ఐపీటీసీ వచ్చింది. 1995లో జపాన్‌లో కెమెరాల కోసం ఎగ్జిఫ్ తయారైంది. 2001లో, లైట్‌రూమ్, బ్రిడ్జ్ చేసే అడోబీ కంపెనీ ఎక్స్‌ఎంపీ తెచ్చింది. క్యాప్షన్‌కి మూడింటిలోనూ చోటుంది. ఒక ప్రోగ్రామ్ ఎక్స్‌ఎంపీలో మాత్రం దిద్ది ఊరుకుంటుంది, ఇంకోటి పాత ఐపీటీసీ చదివి పాత క్యాప్షనే చూపిస్తుంది. అడోబీ, యాపిల్, కెనాన్, మైక్రోసాఫ్ట్, నోకియా, సోనీ కూర్చుని 2008లో ఏది ఎలా చదవాలో నియమాలు రాశాయి. అందరూ పాటించి ఉంటే ఈపాటికి మనం భోజనానికి లేచేవాళ్లం.

రంగుల లేబుళ్లూ అంతే. ఫైలులో రాసేది రంగు కాదు, మాట. లైట్‌రూమ్ 'రెడ్' అని రాస్తే బ్రిడ్జ్ 'సెలెక్ట్' అనే మాట కోసం చూస్తుంది. అది దొరక్క ఎరుపు కాస్తా తెలుపైపోతుంది. స్టార్లను నమ్మండి, రంగుల్ని నమ్మకండి.

ఇక తెలుగులో కీవర్డులు పెట్టేవాళ్లు ఇది బాగా వినండి. పాత ఐపీటీసీలో కీవర్డుకి 64 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అన్ని భాషలకూ ఒకటే పద్ధతైన యూనికోడ్‌లో, తెలుగు అక్షరానికి మూడు, గుణింతం గుర్తుకి మూడు, ఒత్తు రావాలంటే పొల్లుకి ఇంకో మూడు. 'తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలు' మొత్తం 86 బైట్లు. ఆ పరిమితి పాటించే ప్రోగ్రామ్ దాన్ని 'బ్రహ్మ' దగ్గరే నరికేస్తుంది. పైగా ఇది యూనికోడ్ అని చెప్పే గుర్తు ఐపీటీసీలో లేకపోతే తెలుగంతా పిచ్చి అక్షరాలవుతుంది. ఎగ్జిఫ్‌లో క్యాప్షన్ రాసే చోటుకి యూనికోడ్ వచ్చిందే 2023లో, 3.0 వెర్షన్‌తో. ఎక్స్‌ఎంపీకి మొదటి నుంచీ ఆ ఇబ్బంది లేదు. అందుకే తెలుగు రాసేటప్పుడు ఎక్స్‌ఎంపీలోనే రాయండి, పదాలు చిన్నవిగా విడగొట్టండి. 'తిరుమల' ఒకటి, 'బ్రహ్మోత్సవాలు' ఒకటి. వెతకడానికీ అదే హాయి.

సమయం సంగతి. ముహూర్తం రాత్రి 8 గంటలకు. డాలస్ నుంచి వచ్చిన బాబాయిగారు తన కెమెరాతో తీశారు, గడియారం మార్చలేదు. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు. ఆయన ఫోటోల్లో జీలకర్ర బెల్లం ఉదయం 8:30కి జరిగిపోతుంది. మీ ఫోటోలతో కలిపి వరస పెడితే మంగళస్నానాల కంటే ముందే పెళ్లి! ఎగ్జిఫ్‌లో టైమ్ జోన్‌కి చోటిచ్చింది 2016లో, పాత కెమెరాలకు అది తెలియదు. లైట్‌రూమ్‌లో ఆయన ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి ఒకదానికి సరైన సమయం ఇస్తే మిగతావీ అంతే జరుగుతాయి. వేల ఫైళ్లయితే ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ వాడండి. ఉచితం, మూడు చోట్లా ఏముందో విడివిడిగా చూపిస్తుంది, మార్చేముందు అసలు ఫైలు కాపీ ఉంచుతుంది.

నా పద్ధతి మొండిది. పేర్లు, కీవర్డులు, స్టార్లు రాసేది ఒక్క ప్రోగ్రామ్‌లోనే. మిగతావన్నీ చదవడానికే. ఏదైనా కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే ముందు ఒక్క ఫోటోని అందులోంచి ఎక్స్‌పోర్ట్ చేసి, ఎగ్జిఫ్‌టూల్‌తో తెరిచి, ఏం మిగిలిందో చూస్తాను. ఫోటోషాప్‌లో వెబ్ కోసం సేవ్ చేసేటప్పుడు మెటాడేటా దగ్గర కాపీరైట్, కాంటాక్ట్ వివరాలు మాత్రమే అని ఉంటే మీ కీవర్డులు పోయినట్టే. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఎగ్జిఫ్ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది.

పోవాల్సినవీ ఉన్నాయి. బారసాల ఇంట్లో లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్‌తో తీసిన ఫోటోలో ఆ ఇల్లు ఎక్కడుందో జీపీఎస్‌తో సహా ఉంటుంది. పసిబిడ్డ ఫోటో మీ పేజీలో పెట్టేముందు లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో 'రిమూవ్ లొకేషన్ ఇన్ఫో' టిక్కు పెట్టండి. తల్లిదండ్రులు అడగరు, వాళ్లకు తెలియదు.

ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మీ పెన్‌డ్రైవ్‌లో ఫోటోలుంటే తీసుకురండి, లోపల ఏముందో ఇప్పుడే చూద్దాం.